వేణువుకు చుట్టిన గుండీల దారం

ఏమండీ,

కచేరీ బాగానే జరిగింది. ఆ మాట ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది కంగారు పడకుండా చదవండి.

నేను బయలుదేరే ముందు నా వేణువుకు నూనె రాసి ఎండలో పెట్టింది మీరే కదూ? నూనె రాసిన వెదురును నీడలోనే ఆరనివ్వాలని పెళ్ళయిన నాటి నుంచీ మొత్తుకుంటున్నాను. తీరా వేదిక వెనక శ్రుతి చూసుకుందామని ఊదితే, స్వరానికి బదులు బుస్సుమని గాలి వచ్చింది. వేణువుకు నిలువునా సన్నటి పగులు! ఇన్నేళ్ళూ గాయకుల పక్కన వాయించిన నాకు సొంతంగా దక్కిన మొదటి కచేరీ ఇది. ఆ శ్రుతికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క వేణువే.

"రద్దు చేయమని చెప్పనా అమ్మాయ్?" అన్నారు వయొలిన్ మాస్టారు.

"ముందు నా సంచి ఇలా ఇవ్వండి మాస్టారూ" అన్నాను.

గుండీలు ఊడితే కుట్టుకోమని మీరు సంచిలో పెట్టిన దారాన్ని రంధ్రాల మధ్య బిగించి చుట్టి, పైన కొవ్వొత్తి మైనం రుద్దాను. గాలి ఆగింది. చివర్లో మంగళం వాయించబోతుంటే మాస్టారే "ఇంకొక్కటి వాయించమ్మా" అన్నారు.

వేణువులు చేసే తాతగారితో ఇదే శ్రుతికి ఇంకొకటి చేయమని చెప్పండి. పాప దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి బాగు చేయించారా, ఇంకా కింద గిన్నె పెడుతున్నారా? అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఈ పోస్టుకార్డు దారిలో నలుగురూ చదువుతారని తిట్లు సగమే రాశాను. మిగతా సగం ఆ దారం కింద చెల్లు.