ఏజెంటు మీద పెట్టిన తప్పు

సిద్దిపేట, ఆదివారం

సంధ్యకు,

నీ కర్ణాకర్ రాస్తున్న. ఈడ నేను, బిడ్డ, అవ్వ మంచిగనే ఉన్నం. మెల్‌బోర్న్‌ల చలి జర తగ్గిందనుకుంట.

నువ్వు పంపిన కోర్టు కాగితాలు బుధవారం అందినయి. అండ్ల నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. అడిగినవి ముందు చెప్త. బిడ్డ హన్వికకు ముందటి పన్ను ఊడింది, ఫోటోల నోరు మూసుకున్నది గందుకే. అవ్వ మోకాళ్లకు సర్కారు దవాఖానల గోలీలిచ్చిన్రు. నేను వెల్డింగ్ షాపుకు రోజు పోతున్న. తింటున్ననా అన్నవు. తింటున్న గని, ఏం తిన్ననో పొద్దుమీకేసరికి యాదికుండది.

మొన్న బడిల స్వరాజ్యలక్ష్మి మేడమ్ అడిగింది, "పిల్ల ఎప్పుడు పోతదయ్యా తల్లి దగ్గరికి?" అని. వీసా కాదన్నరు, ట్రిబ్యునల్‌ల గూడ కాదన్నరు, ఇగ కోర్టే మిగిలిందని చెప్పిన. మూడేండ్ల సంది అందరికి గిదే చెప్పి చెప్పి యాష్టకొచ్చింది సంధ్యా.

లాయరమ్మ చెప్పింది గదా, జడ్జి వీసా ఇయ్యడు, కాదన్న తీరు చట్టం ప్రకారం ఉన్నదా లేదా అదే చూస్తడని. మన వీసా ఫారం నింపిన ఏజెంటు మనల్ని మోసం చేసిండని తేలితే మళ్ల మొదటినుంచి విచారణ చెయ్యమంటడట. మన ఆశంత గా ఒక్క మాట మీదనే. ఫారంల 'ఏ దేశమన్న నిన్ను వెనుకకు పంపిందా' అన్న కాడ ఏజెంటు 'లేదు' అని పెట్టిండు. దుబాయి నన్ను వాపస్ పంపిన సంగతి ఆఫీసోళ్లకు దొరికింది. నాతోని బిడ్డ వీసా గూడ పోయింది. ఏజెంటు నన్ను అడగనే లేదని నీకు చెప్పిన.

అడిగిండు సంధ్యా.

నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాద్‌ల వాని ఆఫీసుకు పోయినం గదా. నువ్వు బయట బిడ్డను ఆడిస్తున్నవు. "అన్నా, గల్ఫ్‌కెళ్లి నిన్నెప్పుడన్న వాపస్ పంపిన్రా?" అన్నడు.

నేను తలుపు దిక్కు చూసిన. "లేదని రాయి" అన్న.

"పక్కానా?"

"పక్కా."

దుబాయిల కంపెనీ మూతపడ్డంక దొంగతనంగ పనిచేసి దొరికిపోయి, పన్నెండు దినాలు జైల్ల ఉండి వచ్చిన. పెండ్లప్పుడు మీ నాయినకు కాంట్రాక్టు అయిపోయి వచ్చిన్నని చెప్పిన. నీకు తెలుస్తదని భయపడ్డ. వీసా కాదన్నంక ఎట్లాగు తెలిసింది, నువ్వు ఒక్క మాటనలే. గప్పుడన్న నిజం చెప్పకపోతి. నువ్వు వాని మీద కంప్లైంట్ పెడుతుంటే సప్పుడు చెయ్యకుంట చూసిన.

గురువారం, ఏజెంటు నన్ను అడగలేదని ప్రమాణం చేసే నా అఫిడవిట్ పట్టుకొని నోటరీ నాగయ్య సారు తానికి పోయిన. "సదివినవా? అన్ని నిజాలేనా?" అన్నడు. పట్టుకున్న పెన్ను కింద పెట్టిన. కాగితం మడిచి ఇంటికొచ్చిన.

శుక్రవారం లాయరమ్మకు ఫోన్ చేసి అంత చెప్పిన. "ఇగ ఈ కారణం కోర్టుల పెట్టలేను. వేరేది దొరకకుంటే కేసు వాపస్ తీసుకోవాల్సిందే. మీ ఆవిడకు నేను చెప్పాలా?" అన్నది.

"నేనే చెప్త మేడమ్" అన్న. ఫోన్ల నీ గొంతు ఇంటే మళ్ల మాట మారుస్తనేమోనని రాస్తున్న. ఏజెంటుకు గూడ నేనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంట.

నీ అఫిడవిట్ మీద సంతకం పెట్టకు. నువ్వు నన్ను నమ్మి ప్రమాణం చేస్తవు, అబద్ధం నీ మీద పడ్తది. కోపం పోయేదాక నాతోని మాట్లాడకు. బిడ్డకు మాత్రం రోజు ఫోన్ చెయ్యి. మీరు మాట్లాడినంత సేపు నేను బయట అరుగు మీద కూసుంట.

ఇట్లు,
నీకు మొహం చూపెట్టలేని నీ పెనిమిటి,
కర్ణాకర్