మాల్ట్‌హౌస్ వీధి ఫిర్యాదులు

14, మాల్ట్‌హౌస్ వీధి, హాల్మ్‌స్టన్
మార్చి 9, 1993

ప్రియమైన అన్నయ్యా,

అమ్మ కులాసా. కెర్రీ నీ బొమ్మ గీసింది. చెవులు మరీ పెద్దవి పెట్టిందని అంటే, నాన్నకి ఉన్నవే పెట్టానంది. నాలుగేళ్ళకే నీ నోరు వచ్చింది దానికి.

ఇక అసలు సంగతి. నాకు ఒళ్ళు మండిపోతోంది. మునిసిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ ఒక రంగుల కాగితం పంచారు. మన ఊళ్ళో నేరాలు వందకి పన్నెండు తగ్గాయట, నిశ్చింతగా నిద్రపోవాలట. కింద మేయరుగారు మెళ్ళో గొలుసుతో ఇకిలిస్తున్న ఫొటో. అదే వారం మన వీధిలో రెండు కార్ల అద్దాలు పగిలాయి. లడ్లో గారి పెరటి గది తాళం విరిగింది. ఇవేవీ వాళ్ళ లెక్కలో లేవు. ఎందుకు లేవంటే ఎవరూ పోలీసులకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదండీ అని లడ్లో గారిని అడిగితే, తాళమేగా తల్లీ అని టీ పెట్టాడు. ఈ ఊరి వాళ్ళకి కొంప తగలబడుతున్నా ముందు టీ నీళ్ళు మరగాలి.

లైబ్రరీలో ఉచితంగా పెట్టిన ఒక కరపత్రం చదివాను. చెప్పని నేరం జరగని నేరంతో సమానం అని రాశారు అందులో. ఎంత నిజం! మన మౌనం మీద వాళ్ళు మేడలు కట్టుకుంటున్నారు. ఆదివారం నుంచి ఇల్లిల్లూ తిరగబోతున్నాను. ఒక్కొక్కరి చేతా ఫిర్యాదు రాయించేదాకా వదలను.

దొంగతనాల గురించి నీకు రాస్తున్నానేమిటని నవ్వకు. నువ్వు కారు రేడియోలు ఎత్తావు, పొరుగూళ్ళో దొరికావు, శిక్ష అనుభవిస్తున్నావు. మన ఇంటి సంగతి తేలిపోయింది. తేలనిది మిగతా వీధిదే. జూలైలో నీకు పెరోల్ వస్తే ఈ ఇంటికేగా వచ్చేది. సెప్టెంబరులో కెర్రీ బడిలో చేరుతుంది. మొదటిరోజు దాని చెయ్యి పట్టుకుని నువ్వే తీసుకెళ్ళాలి. అప్పటికి ఈ వీధిని పిల్లలు బెదురు లేకుండా నడిచే వీధిగా చేసి చూపిస్తాను.

కోపంతో, ప్రేమతో,
హేజెల్

*

మార్చి 19

ప్రియమైన చిట్టితల్లీ,

దొంగల్ని పట్టమని దొంగకి ఉత్తరం రాసినదానివి ఇంగ్లండు మొత్తంలో నువ్వొక్కతివే. నాతో గదిలో ఉండే టెరెన్స్‌కి చదివి వినిపించాను. మీ చెల్లెలు పెళ్ళాడితే మొగుడు పోలీసై ఉండాలి, లేదా చెవిటివాడై ఉండాలి అన్నాడు.

సరదా అయిపోయింది, ఇప్పుడు చెప్పేది విను. ఈ పని మానేయ్. పెరోల్ ఇచ్చేముందు ఒక అధికారి నేను ఉండబోయే ఇంటిని చూడ్డానికి వస్తాడు. మన వీధి ఎలాంటిదని పోలీసుల్ని అడుగుతాడు. ఇప్పటిదాకా వాళ్ళ కాగితాల్లో ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ.

ఇంకొకటి. నోరు మెదపనివాళ్ళందరూ పిరికివాళ్ళు కారు. ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. మరీ ముఖ్యంగా, పాత సంగతులు తవ్వకు.

కెర్రీకి చెప్పు, చెవులు సరిగ్గానే ఉన్నాయని.

మీ అన్న,
క్లైవ్

*

ఏప్రిల్ 27

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నెల రోజులు జవాబు రాయకుండా బిగబట్టుకున్నాను. రాసి ఉంటే జైలువాళ్ళు ఆపేసేవారు. నీ ఒక్కడి పెరోల్ కోసం నలభై ఇళ్ళవాళ్ళు నోరు మూసుకోవాలా? ఇలాగే ఒక్కొక్కడూ తన ఒక్క కారణం చూసుకునేగా లోకం ఇలా తగలడింది!

సరే, జరిగింది చెప్తాను. చర్చి పక్క హాల్లో సభ పెట్టాను. పోలీసు సార్జెంట్ మెలర్ ఫిర్యాదు ఫారాల కట్ట పట్టుకుని వచ్చి మూల కూర్చున్నాడు. వీధంతా వచ్చింది. గంటసేపు ఏం మాట్లాడుకున్నారనుకున్నావు? వాన గురించి. ఉల్లికాడల గురించి. లడ్లో గారైతే ఎరువు గురించి ఉపన్యాసమే ఇచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ ఎక్కి అరిచేశాను. మీ ఇళ్ళల్లో పోయిన వస్తువులకి మీరే సిగ్గుపడితే, దొంగ ఎందుకు సిగ్గుపడతాడని అడిగాను. అయిదేళ్ళ కిందటివైనా సరే రాసితీరాలన్నాను.

ఎవరూ కదల్లేదు. చివరికి పాబ్‌జాయ్ మామ్మగారు లేచింది. మన వెనకింటావిడ, మొగుడు పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడదు చూడు, ఆవిడే. మెలర్ దగ్గరికి వెళ్ళి కలం అడిగి పుచ్చుకుని, నిలబడే రాసింది. ఆ తర్వాత నేను ఒక్కొక్కరి పక్కన నిలబడి రాయించాను. వారం తిరిగేసరికి నలభై మూడు ఫారాలు! దొంగ ఎవరన్న చోట అందరూ తెలియదనే రాశారు. పోనీ, అది పోలీసుల పని.

మన ఊరి వారపత్రికలో మొదటి పేజీలో పడింది, హాల్మ్‌స్టన్‌లోకెల్లా దొంగల వీధి అని. మేయరు ఇకిలింపు ఎక్కడా లేదు. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిచేశాను.

గర్వంగా,
హేజెల్

*

మే 20

హేజెల్,

ఇవాళ చెప్పారు. పెరోల్ ఉంది. ఇల్లు లేదు.

ఆ వీధికి నన్ను పంపడం తాగుబోతుకి సారా కొట్టు పక్కన ఇల్లిచ్చినట్టు ఉంటుందన్నాడు ఆ అధికారి. బల్ల మీద పత్రిక పెట్టుకుని కూర్చున్నాడు. నలభై మైళ్ళ అవతల విడుదలైనవాళ్ళ వసతిగృహం ఒకటుందట. నవంబరు దాకా అక్కడ. రోజూ పొద్దున హాజరు వేయించుకోవాలి. ఊరు దాటకూడదు. బడి మొదటిరోజుకైనా వదలరా అని అడిగాను. వదలరు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఏదైనా చెయ్యగలవేమో చూడు. అమ్మకి నెమ్మదిగా చెప్పు.

క్లైవ్

*

జూన్ 2

ప్రియమైన అన్నయ్యా,

తిట్టినా బాగుండేది.

మెలర్ దగ్గరికి పరుగెత్తాను. రాసినవాళ్ళు పొరపాటుపడ్డామని సంతకం పెడితే ఆ ఫారం కొట్టేస్తాడట. అంటే జరిగిన నేరం మళ్ళీ జరగనిదైపోతుంది! చెప్తూ ఆవులించాడు కూడా. ఆ ఆవులింత చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. రెండు నెలల కిందట చెప్పండి చెప్పండి అని గుంజినదాన్ని, ఇప్పుడు చెప్పలేదని చెప్పండి అని బతిమాలాను.

నాకు పిచ్చెక్కించింది ఏమిటంటే, వాళ్ళు ఒప్పుకున్న తీరు. పోట్లాడతారనుకున్నాను. అదేం భాగ్యం తల్లీ అంటూ సంతకం పెట్టడానికి కలాలు తీస్తున్నారు. లడ్లో గారు ముందే అందుకుని, క్లైవ్ కోసమేగా, ఎప్పుడూ ఉన్నదేగా అన్నాడు. ఎప్పుడూ ఉన్నదేమిటని అడిగితే టీ చూసొస్తానని లోపలికి పోయి పావుగంట రాలేదు.

పాబ్‌జాయ్ మామ్మగారు ఒక్కతే కుదరదంది. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. "అందరికీ రావలసిందేదో వాళ్ళకి వచ్చింది అమ్మాయీ. నాకు రాలేదు," అంది. ఏం రాలేదు మామ్మగారూ అంటే, మీ అన్నని అడుగు అని తలుపేసుకుంది.

అడుగుతున్నాను. ఈ వీధిలో అందరికీ తెలిసి నాకు తెలియనిది ఏమిటి? జవాబు వచ్చేదాకా ఏ సంతకమూ మెలర్ దగ్గరికి వెళ్ళదు.

హేజెల్

*

జూన్ 11

ప్రియమైన చిట్టితల్లీ,

నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది.

నీ నలభై మూడింట్లో పన్నెండు నావి. లడ్లో గారి గడ్డికోత యంత్రం, మూలింటివాళ్ళ సైకిలు, అలాంటివి. పదిహేడో ఏట నుంచి. అమ్మకి తెలుసు. మంచం కిందో పెరట్లోనో ఏదో ఒకటి దొరికేది. మర్నాడు ఆపిల్ కేకు చేసి అది పోయినవాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళేది. ఆపిళ్ళు ఎక్కువొచ్చాయండీ అనేది. వాళ్ళు, అయ్యో ఎందుకండీ శ్రమ అనేవారు. అంతే, దొంగతనం మాట వచ్చేది కాదు. మూడో రోజున పళ్ళెం కడిగి మన గడప మీద పెట్టి వెళ్ళేవారు. దాంతో అయిపోయినట్టు. అమ్మది ఎంత పెద్ద చెయ్యి అని నువ్వు మురిసిపోయేదానివి గుర్తుందా?

నీ వీధి నోరు మూసుకున్నది భయపడి కాదు, అమ్మ మొహం చూసి. నువ్వు పక్కన నిలబడితే మొహమాటానికి రాసి, తెలియదని పూరించారు. నువ్వు వాళ్ళని పిరికిపందలనుకున్నావు.

పన్నెండోది పాబ్‌జాయ్ మామ్మగారిది. వాళ్ళాయన పోయిన వారంలో, పెరటి గోడ దూకి ఆయన వడ్రంగి పెట్టె ఎత్తుకొచ్చాను. ఉలులన్నీ ఆయన చేత్తో పిడులు వేసుకున్నవి. ఇంటికి తేకుండానే సంతలో అమ్మేశాను కనక అమ్మకి తెలియలేదు. ఆ ఇంటికి కేకు వెళ్ళలేదు. ఆవిడ కిటికీలోంచి చూసి ఉంటుందని నీ ఉత్తరం చదివాకే నాకు తట్టింది.

ఇంకా ఉంది. నిన్న పోలీసు శాఖ నుంచి ఒక డిటెక్టివ్ వచ్చాడు. చేతిలో నలభై మూడింటి జాబితా. అన్నీ నావేనని సంతకం పెట్టమన్నాడు. లోపల ఉన్నవాడు పాతవి ఒప్పుకుంటే అదనంగా ఒక్క రోజు కూడా పడదట, ఇది వాళ్ళకి వాడుకేనట. వాళ్ళకి నలభై మూడు కేసులు తేలిపోతాయి. వీధికి చెడ్డపేరు పోతుంది. జూలైలో ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నాడు. ఎవరికీ నష్టం లేదు నాయనా అని కలం నా ముందు పెట్టాడు.

ఆలోచించుకుంటానన్నాను. ఇరవై ఒకటో తారీకు సోమవారం మళ్ళీ వస్తాడు. కరపత్రాలు చదివినదానివి, నువ్వే చెప్పు.

సిగ్గుతో,
క్లైవ్

*

జూన్ 16

అన్నయ్యా,

నీ మీద కోపం రాయాలంటే ఈ కాగితం చాలదు. అమ్మ మీద కూడా. ఇస్త్రీ చేస్తుంటే వెళ్ళి అడిగేశాను. తలెత్తకుండా, చిన్నపిల్లవి నీకెందుకని అంది. ఇరవై ఏళ్ళు నాకు! వీధి మొత్తం మీద ఆ కేకుల సంగతి తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. కుర్చీ ఎక్కి సిగ్గు గురించి వాళ్ళకే పాఠం చెప్పాను. లడ్లో గారు ఎరువు గురించి ఎందుకు మాట్లాడాడో ఇప్పుడు తెలుస్తోంది. నన్ను ఆపడానికి పాపం ఆయనకి అంతకన్నా మాట దొరకలేదు.

కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. అవి సరిగ్గా అంటుకోను కూడా లేదు.

అడిగావు కనక చెప్తున్నాను. సంతకం పెట్టెయ్. నలభై మూడూ నీవే అనెయ్. అది అబద్ధమని నాకు తెలుసు. మునిసిపాలిటీ రాసిన అబద్ధానికీ దీనికీ తేడా లేదనీ తెలుసు. కెర్రీ నిన్న బడి చొక్కా వేసుకుని చూసుకుని, నాన్న ఏ చెయ్యి పట్టుకుంటాడని అడిగింది. దానికి ఏ కరపత్రంలోనూ జవాబు లేదు.

పెట్టెయ్. ఇంటికి రా.

నీ చెల్లెలు,
హేజెల్

*

జూన్ 24

ప్రియమైన హేజెల్,

నీ ఉత్తరం సోమవారం పొద్దున్నే అందింది. పెట్టెయ్ అని నువ్వే అన్నావు కనక, పెట్టేద్దామనే కూర్చున్నాను. డిటెక్టివ్ మధ్యాహ్నం వస్తాడనగా పాబ్‌జాయ్ మామ్మగారు వచ్చింది, నన్ను చూడ్డానికి. రెండు బస్సులు మారి వచ్చిందట. కోటు గుండీ కూడా విప్పకుండా కూర్చుంది.

ఉలులు ఏం చేశావని అడిగింది. అమ్మేశానన్నాను. ఎవరికంటే, తెలియదన్నాను. తల వంచుకుని చేతిసంచి సర్దుకుంది. నేను క్షమించమన్నాను. డిటెక్టివ్ సంగతి చెప్పాను, దాచడానికి ఇంకేం మిగిలింది? అప్పుడు మాత్రం తలెత్తింది.

"ఏప్రిల్‌లో మా కిటికీ పగలగొట్టినవాడివి కూడా నువ్వే అవుతావా? నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావు కదరా," అంది.

ఈ కిటికీ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు హేజెల్. మీ సభ అయిన వారంలో, ఎవరో రాయి విసిరారట. పోలీసులు ఆ ఫారాన్ని కూడా ఆ కట్టలోనే కలిపేశారు. ఆవిడ అప్పట్నుంచీ వంటింట్లో దీపం ఆర్పకుండా పడుకుంటోంది. నేను సంతకం పెడితే ఆ కేసు తేలిపోతుంది. మూసిన కేసులో ఎవణ్ణీ వెతకరు. పన్నెండు నావి, మిగతా ముప్పై ఒకటీ చేసినవాడెవడో మీ మధ్యే తిరుగుతున్నాడు. కెర్రీ నడవాల్సింది ఆ వీధిలోనే. వాణ్ణి నా పేరు వెనక దాచిపెట్టి, దాని చెయ్యి పట్టుకుని బడికి ఎలా తీసుకెళ్ళను?

పన్నెండింటికే సంతకం పెట్టాను. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. నీ అంత మూర్ఖుణ్ణి చూడలేదన్నాడు. మా చెల్లెల్ని చూడలేదు మీరు అన్నాను. వీధి పేరు అలాగే ఉంది కనక వసతిగృహమే ఖాయమైంది. నవంబరు దాకా. బడి మొదటిరోజు ఎడమ చెయ్యి నువ్వు పట్టుకో, కుడి చెయ్యి అమ్మ పట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ రోజంతా ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాయి.

ఆ ముప్పై ఒక్క ఫారాల్లో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోనివ్వకు. సంతకాలు తీసుకున్న కాగితాలుంటే చింపెయ్. మెలర్ ఆవులిస్తే ఎదురుగా కూర్చో. నీకు కోపం రావడం బాగా వచ్చు, అదిప్పుడు పనికొస్తుంది.

ఇంకొక్క మాట. మన వంటింటి కిటికీ గడియ వదులు. బయటినుంచి చాకు మొన పెట్టి ఎత్తితే చప్పుడు లేకుండా లేస్తుంది. రాత్రుళ్ళు ఆలస్యమైనప్పుడు అమ్మని లేపకుండా నేను అక్కణ్ణుంచే దూరేవాణ్ణి. కెర్రీ పడుకునేది దాని పక్క గదిలోనే. రేపే బాగుచేయించు. మామ్మగారి కిటికీ కూడా చూసిరా.

మీ అన్న,
క్లైవ్