ఇచ్చట నక్షత్రాలు చూడబడును

9-2-86, ఆదివారం, జగ్గయ్యపేట

ముప్పై ఏళ్ళుగా నా తమ్ముడు సాంబయ్య నలుగురిలో నన్ను వేలిముద్రగాడనే అంటున్నాడు. నేను అయిదో తరగతితో ఆగాను, వాడు బి.ఏ. చదివాడు. అదీ వాడి పొగరు.

పెరట్లో ఎరువుల షెడ్డు ఖాళీ చేసి, రేకుల కప్పు పక్కకు జరిగేలా చక్రాలు వేయించి, లోపల దుర్భిణి నిలబెట్టుకున్నాను. ఇవాళ నేను ఊళ్ళో లేనప్పుడు షెడ్డు వీధివైపు తలుపు మీద "ఇచ్చట నక్షత్రాలు చూడబడును" అని వాడు రంగుతో రాయించాడు.

సాయంత్రం ముక్త్యాల నుంచి ఊళ్ళోకొచ్చిన ఒకామె ఆ రాత చూసి, పసివాణ్ణి ఎత్తుకుని లోపలికి వచ్చింది.

"ఇవాళ్టికి పదకొండో రోజు, తెల్లారుజామున పుట్టాడండి. ఏ నక్షత్రమో చూసి, పేరుకి అక్షరం చెప్పండి."

"ఇది జాతకాల కొట్టు కాదు, పో" అని కసిరాను.

"రాదని చెప్పొచ్చుగా తాతా, కసరటం దేనికి" అని వెళ్ళిపోయింది. గోడవతల సాంబయ్య నవ్వాడు.

కృత్తికలో మామూలు కంటికి ఆనని చుక్కలు కూడా నేను చూశాను. ఆ బిడ్డకు మాత్రం ఒక్క అక్షరం చెప్పలేకపోయాను. పాపం, పేరు లేకుండానే తిరిగిపోయాడు.

ఒరే సాంబయ్యా, ఆ రాత నీ చేత్తో చెరిపి, ఆ తల్లిని పురోహితుడి దగ్గరికి నువ్వే తీసుకెళ్తావా, లేదా? గురువారం పొద్దుటికల్లా నా గుమ్మంలో నిలబడి జవాబు చెప్పు.