పెదవి దాటని మాత్ర

మే 4, సోమవారం

దేవుడి ముందు మూడు రోజులు కడుపు మాడ్చుకునే దమ్ము నీకుందా? నిన్న మా చర్చి సంఘానికి ప్రసంగిస్తూ ఇలాగే గర్జించాను. గురువారం నా భార్య వియోరికాకి పిత్తాశయం ఆపరేషన్. అందుకే సంఘమంతా ఉపవాసం. నీళ్ళు తప్ప ఏదీ పెదవి దాటకూడదన్నాను. నువ్వు మాత్రం తిను అంటే వియోరికా వినలేదు. నా కోసం అందరూ పస్తులుంటే నేను మమలిగా, ఆ మొక్కజొన్న సంకటి, మెక్కుతూ కూర్చోవాలా గవ్రిలూ, అంది.

మే 5

వియోరికా తేనెటీగల పెట్టెల దగ్గరికి రాలేదు. నీరసమట. ఉపవాసమే కదా అనుకున్నాను.

మే 6, ఉదయం

రెండుసార్లు వాంతి. లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పొయ్యి పక్కన పడబోయింది. పట్టుకున్నాను. అప్పుడు చెప్పింది. కీళ్ళవాతానికి తొమ్మిదేళ్ళుగా మింగుతున్న ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కూడా ఆదివారం నుంచి మానేసిందట. మాత్ర మాత్రం పెదవి దాటదా, అని నన్నే అడిగింది.

నీళ్ళు తప్ప ఏదీ వద్దన్నది నా మాటే.

ఆపరేషన్‌కి మత్తిచ్చే డాక్టరమ్మ మంటాకి ఫోన్ చేశాను. ఏం పని చేశారయ్యా, అని అరిచింది. ఏళ్ళ తరబడి ఈ మాత్ర వాడితే ఒంట్లో సొంతంగా ఊరే స్టెరాయిడ్ ఊరడం మానేస్తుందట. మాత్ర ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు, ఇలా ఆపరేషన్ బల్ల ఎక్కిస్తే అసలు తట్టుకోలేదు, అంది. ప్రార్థన దారిలో చేసుకో బాబాయ్, ముందు అంబులెన్స్ పిలువు, అంది.

సాయంత్రం

అంబులెన్స్‌లో ఆమె చెయ్యి మంచుముక్క. బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్ళు చూసి దేవుడు ఆయుష్షు పొడిగించాడు. అయినా ప్రవక్త పుండు మీద మందుగా అంజూరపు ముద్ద పెట్టించాడు. ఆ కథ ఎన్ని ప్రసంగాల్లో చెప్పానో! ఆ ముద్ద దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

నరంలోకి స్టెరాయిడ్ ఎక్కించారు. బీపీ లేచింది. చెయ్యి వెచ్చబడింది. వదల్లేదు నేను.

మే 11

వాయిదా పడ్డ ఆపరేషన్ ఇవాళ జరిగింది. థియేటర్లోనూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కళ్ళు తెరవగానే, తేనెటీగలకి నీళ్ళు పెట్టావా, అంది. మరిచిపోయానన్నాను. నేను లేకపోతే ఈగలు కూడా నిన్ను వదిలేసి పోతాయి, అంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మే 13, బుధవారం

ఈ పూట ప్రసంగం ఇంతే:

మీ ఇంట్లో ఏళ్ళుగా స్టెరాయిడ్ మాత్ర మింగేవాళ్ళున్నారా? ఉపవాసమైనా సరే, ఆపరేషనైనా సరే, డాక్టరుని అడక్కుండా ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. పాటలు తర్వాత పాడదాం. లేవండి. వెళ్ళి అడగండి, ఇవాళ మింగారా అని. ఇప్పుడే.