పన్నెండో పళ్ళెం

కాటన్‌వుడ్ బెండ్, వయోమింగ్
1994 మే 3

గౌరవనీయులైన ఓర్ఫా స్టాక్‌డేల్ అమ్మగారికి,

మన మ్యూజియం పైకప్పు కారుతోందని మీకు తెలుసు. దాని బాగుకోసం జూన్‌లో చందాల విందు పెడుతున్నాం. బీన్సు, మొక్కజొన్న రొట్టె, ఆపైన మన కొండల్లో తిరిగిన రైలు దొంగల మీద తీసిన ఆ పాత సినిమా. ఆ దొంగలు మీ అమ్మగారి వంటింట్లో భోంచేసిన పళ్ళెం ప్రదర్శనకు ఇప్పిస్తారా?

విధేయుడు,
డెల్బర్ట్ క్విస్ట్

తా.క. ఇప్పటికి పదకొండు ఇళ్ళ నుంచి అలాంటి పళ్ళాలు వచ్చాయి.

మే 6

డెల్బర్ట్‌కి,

పదకొండా! వాళ్ళు రైలు దోచడానికొచ్చారా, ఊరంతా తిరిగి భోంచేయడానికొచ్చారా? తిన్నది మా ఇంట్లో, ఒక్క మా ఇంట్లోనే. ఈ ఊళ్ళో మా ఇంటికి ఉన్న గొప్పల్లా అదొక్కటే. దాన్ని నీ చేతిలో పెట్టడానికి మనసొప్పడం లేదు. చిన్నప్పుడు నీకు చర్చిలో ఆదివారం బడి పాఠాలు చెప్పే రోజుల్లో నా కుకీల డబ్బా ఖాళీ అయిన సంగతి నేను మర్చిపోలేదు. సరే, పంపుతున్నాను. అంచున మూడు చోట్ల పెచ్చులూడాయి. నాలుగో చోట ఊడిందో, ఊరుకోను.

నీ మీద ఒక కన్నేసి ఉంచిన,
ఓర్ఫా

తా.క. నెల్డా పళ్ళెం నట్టనడుమ పెట్టావట. మీ వదిన కాబట్టేనా?

మే 14

అమ్మగారికి,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. మీ పళ్ళెం వెనక 1931 అని ముద్ర ఉంది. దొంగలొచ్చింది 1899లో. మీరు విందుకు రాకపోయినా సరే, దాన్ని అసలుదని పెట్టలేను. పళ్ళెం మీ వరండాలో ఉంచాను. తలుపు కొట్టే ధైర్యం చాలలేదు.

క్షమాపణలతో,
డెల్బర్ట్

తా.క. వదిన పళ్ళెం తిప్పి చూడలేదు. అప్పటికే బోర్డుకు బిగించేశాం.

ఇంకో తా.క. కుకీలు తిన్నది నేనే.

మే 16

డెల్బర్ట్‌కి,

1931 అని నాకు తెలియదనుకున్నావా? కేటలాగు చూసి నేనే తెప్పించుకున్న ఆరు పళ్ళాల సెట్టు అది. అసలుది ఇచ్చేముందు నువ్వెలాంటివాడివో చూద్దామని పంపాను. నా మొహం మీద నిజం చెప్పేవాడు ఈ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడు. నాకు చాలా సంతోషంగా ఉంది నాయనా. మా అమ్మ పళ్ళెం విందుకు నేనే తెస్తాను. నెల్డాది విప్పి చూడు. ఆ సెట్టులోదే ఒకటి ఆమె పెళ్ళికి కానుకిచ్చాను.

నీ,
ఓర్ఫా

తా.క. మా అమ్మ పళ్ళెం మాత్రం తిప్పి వెనక చూడొద్దు. డెబ్బై ఏళ్ళుగా నేనూ చూడలేదు.