రాణి నోటి మాట

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మీ వారపత్రికకు ‘మబ్బుల కోట’ సీరియల్ రాసేదాన్ని. ప్రతి వారం నా కాయితాలు హైదరాబాద్ బస్సు కండక్టరన్న చేతికిచ్చి పంపుతనని మీకు తెలుసు. సకల జనుల సమ్మెల బస్సులు బందైనయి. పోస్టుల పంపుత, ఒక్క వారం ఆగమని ఫోన్‌ల బతిమిలాడిన. మీరు ఆగలే. ఆఫీసుల ఎవరితోనో రాయించి, నా పేరు పెట్టి అచ్చేసిండ్రు.

నా రాణి మొదటి నుంచి మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడుతది. మీరు ఆమె నోట్ల మీ కోస్తా మాట పెట్టి, మా మాట రాక్షసునికిచ్చిండ్రు. ఏందిదని అడిగితే, “రాణి మీలా మాట్లాడితే పాఠకులు నమ్మరండీ” అన్నరు. నా మూడు నవలలల్ల గుర్రాలకు రెక్కలున్నయి, మొసలి పెండ్లి చేసుకున్నది. గవన్నీ నమ్మినోళ్లు గిది నమ్మరా?

మా అవ్వకు చదువు రాదు. ఆమె బీడీలు చుట్టుకుంట కూసుంటే నేను చదివి వినిపిస్త. ఈసారి రాణి మాట్లాడుతుంటే ఎవరో పరాయామె అనుకున్నది. ఆఖరికి రాణి రాక్షసుణ్ణి కత్తితోటి పొడిస్తే, బీడీల చాట పక్కకు పెట్టి కండ్లు తుడుచుకున్నది. “మనోడే గదనే బిడ్డా, పాపం” అన్నది.

ఆమెకు నేనేం చెప్పాలె?

రాక్షసుణ్ణి చంపింది మీరు, నేను కాదు. గందుకే వచ్చే భాగం ఈ ఉత్తరంతోనే పోస్టుల పంపుతున్న. ఒక్క ముక్క మార్చొద్దు. అందుల రాక్షసుడు మళ్ల లేస్తడు. కోట ఇగ వానిదే.

ఇట్లు,
రాక్షసుని మాట మాట్లాడే
మీ రచయిత్రి