జాలి ప్రార్థన వద్దు

చిట్టితల్లీ,

ప్రభువు దయవల్ల కళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి. ఆ చూపు తగ్గిందనే కుట్టు ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజర్ కుర్చీలోంచి దింపి, చొక్కాలు మడతపెట్టే బల్ల దగ్గర వేశారు. నువ్వు విన్నది నిజమే, ఏడవకు. కుర్చీ నేను పని నేర్పిన పిల్లకే ఇచ్చారు. మొదటి రోజు ఆ పిల్ల నా ఎదుట నిలబడి, "మీకు నేనెలా పని చెప్పనమ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నోరు తెరిచి చెప్పు. కుర్చీ వాళ్ళిచ్చారు, వాళ్ళే తీసుకున్నారు. నేను దేవుని బిడ్డని. అది వాళ్ళిచ్చింది కాదుగా, తీసుకోడానికి!" అన్నాను. ఆ రోజంతా తల ఎత్తుకునే మడతపెట్టాను. చొక్కాలు కాస్త వంకరపోయాయనుకో, అది వేరే సంగతి.

మీ నాన్న మోకాలు ఎలా ఉంది? వంటింటి కిటికీ రెక్క బాగుచేయించావా? బీరువా పైఅరలో నా పాత కళ్ళజోడు ఉంది, పంపు.

నా కోసం సంఘంలో ప్రార్థన పెట్టించావట. మంచిది. కానీ జాలిపడుతూ చెయ్యొద్దని పాస్టరుగారితో చెప్పు. రాజుగారి కూతురి కోసం అడుగుతున్నట్టు, గొంతెత్తి అడగమను.

ఇంటిల్లిపాదికీ దీవెనలు.

అమ్మ